పనితీరు మదింపులో పక్షపాతం

ఉద్యోగి ప్రతిభపై పై అధికారి ముందుగా ఏర్పరచుకొన్న అభిప్రాయం, ఆ ఉద్యోగి పనికి ఇచ్చే విలువను ప్రభావితం చేయటాన్ని పనితీరు మదింపులో పక్షపాతం అంటారు. దీని నష్టం ఒక సంవత్సరపు గ్రేడుతో ఆగదు. సమర్థులని పేరుపడినవారికి ముఖ్యమైన పనులు, శిక్షణ, సలహాలు లభిస్తాయి. మిగిలినవారికి అవి అందవు. కొన్నేళ్ళకు ఇద్దరి మధ్య నిజంగానే అంతరం ఏర్పడి, మొదటి అంచనా సరైనదే అనిపిస్తుంది.

పరిశోధనలు

* 1920లో అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్, ఒక గుణంలో మెప్పు పొందిన సైనికులకు వారి అధికారులు ఇతర గుణాలలోనూ ఎక్కువ మార్కులు వేస్తున్నట్లు గమనించాడు. దీనిని హాలో ప్రభావం అంటారు.
* 1968లో రాబర్ట్ రోసెంతాల్, లెనోర్ జాకబ్సన్ ఒక పాఠశాలలో తాము జరిపిన ప్రయోగాన్ని ప్రచురించారు. యాదృచ్ఛికంగా ఎంచిన పిల్లలు బాగా రాణిస్తారని ఉపాధ్యాయులకు చెప్పగా, ముఖ్యంగా చిన్న తరగతులలో ఆ పిల్లల తెలివితేటల పరీక్ష మార్కులు ఎక్కువగా పెరిగాయి. ఇది పిగ్మేలియన్ ప్రభావంగా ప్రసిద్ధి చెందింది. ప్రయోగ పద్ధతిపై విమర్శలూ వచ్చాయి.
* 1969లో స్టెర్లింగ్ లివింగ్‌స్టన్ ఈ భావనను సంస్థల నిర్వహణకు అన్వయించాడు.
* 1982లో డవ్ ఈడెన్, అబ్రహం షాని ఇజ్రాయెల్ సైనిక శిక్షణలో ఇటువంటి ఫలితాన్నే చూపారు.

భారతదేశంలో

ప్రభుత్వోద్యోగుల వార్షిక రహస్య నివేదికలలో ప్రతికూల వ్యాఖ్యలను మాత్రమే ఉద్యోగికి తెలిపేవారు. సరిహద్దు రహదారుల సంస్థ ఇంజనీరు ఒకరికి 1993-94లో 'బాగుంది' అన్న గ్రేడు వచ్చింది. పదోన్నతికి ఐదేళ్ళూ 'చాలా బాగుంది' అవసరం కావటంతో ఆయనకు అవకాశం పోయింది. ఆ గ్రేడు ప్రతికూలం కాదు కనుక ఆయనకు తెలుపలేదు. ఆయన వేసిన దావాలో (దేవ్ దత్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా) 2008 మే 12న సుప్రీంకోర్టు, ఏ గ్రేడునైనా ఉద్యోగికి తెలిపి అభ్యంతరం చెప్పుకొనే అవకాశం ఇవ్వాలని తీర్పు చెప్పింది. అప్పటికే ఆయన పదవీ విరమణ చేశాడు. 2009 మేలో కేంద్ర ప్రభుత్వం నివేదిక మొత్తాన్ని ఉద్యోగికి చూపాలని, అభ్యంతరానికి 15 రోజుల గడువు ఇవ్వాలని ఆదేశించింది.

పరవాడలో వర్తింపు

ఈ తీర్పు ప్రభుత్వ రంగ సంస్థలకూ వర్తిస్తుంది. అందువలన విశాఖ ఉక్కు కర్మాగారం, పరవాడలోని ఎన్.టి.పి.సి. సింహాద్రి విద్యుత్ కేంద్రాల ఉద్యోగులు దీని పరిధిలోకి వస్తారు. అదే పరవాడలోని జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీలో ఉన్న ప్రైవేటు కంపెనీలకు ఇది వర్తించదు. అక్కడ మదింపు పద్ధతి ఆయా కంపెనీల నిబంధనలను బట్టి ఉంటుంది.

గ్రేడుల పరిమితి

2008 నవంబరులో కేంద్రం, ప్రభుత్వ రంగ సంస్థల అధికారులలో అత్యుత్తమ గ్రేడు 10-15 శాతానికి మించరాదని, 10 శాతం మందికి తక్కువ గ్రేడు ఇవ్వాలని నిర్దేశించింది. ఈ బెల్ కర్వ్ పద్ధతిలో అందరూ బాగా పనిచేసినా కొందరు అడుగున ఉండక తప్పదు. ఎవరిని అడుగున ఉంచాలన్నది అధికారి అభిప్రాయంపై ఆధారపడటం వలన పక్షపాతానికి తావు పెరుగుతుంది. 2017 ఆగస్టులో 10 శాతం తక్కువ గ్రేడు తప్పనిసరి కాదని సడలించారు. అత్యుత్తమ గ్రేడుకు 15 శాతం పరిమితిని మాత్రం కొనసాగించారు.

నివారణ

సంవత్సరారంభంలోనే లక్ష్యాలను వ్రాతపూర్వకంగా నిర్ణయించటం, ఒకరికంటే ఎక్కువమంది అధికారులు మదింపు చేయటం, ముఖ్యమైన పనులను, శిక్షణను వంతులవారీగా ఇవ్వటం ప్రధాన మార్గాలు. నివేదికను చూపటం వలన గ్రేడును ప్రశ్నించవచ్చు. అయితే అందని అవకాశాలు నివేదికలో కనబడవు కనుక పనుల పంపకాన్ని కూడా సమీక్షించవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* పరవాడ
* పిగ్మేలియన్ ప్రభావం
* మానవ వనరుల నిర్వహణ