ఉంగరాల జుట్టు సంరక్షణ: కర్నూలు, కడప ప్రాంతం

కుదురు నుంచి కొస దాకా సుళ్లు తిరుగుతూ పెరిగే తలవెంట్రుకలను ఉంగరాల జుట్టు, రింగుల జుట్టు, గిరజాల జుట్టు అంటారు. సుడి వదులై అలలా సాగితే అది నొక్కుల జుట్టు. రాయలసీమ నుంచి లోకమంతా ఎరిగిన ఉదాహరణ చెప్పాలంటే పుట్టపర్తి సత్యసాయిబాబా (1926–2011) జుట్టే. కర్నూలు, కడప ప్రాంతాల్లో ఈ జుట్టును పెంచుకునేవారికి రెండు చిక్కులు ఎదురవుతాయి. ఒకటి పొడిగాలి, రెండోది సున్నం నీళ్లు. సౌందర్య శీర్షికలు ఎక్కువగా మొదటిదాన్ని గురించే రాస్తాయి. ఈ ప్రాంతానికి సంబంధించినంత వరకు రెండోదే పెద్ద సమస్య అనుకోవడానికి తగిన ఆధారాలు ఉన్నాయి.

వెంట్రుక ఎందుకు సుడి తిరుగుతుందన్న దానిపై రెండు వాదాలున్నాయి. చర్మం లోపల కుదురు నిలువుగా కాక వంపుగా ఉండటమే కారణమన్నది పాత వివరణ. పోగులో వంపుకు బయటి పక్కన ఉన్న కణాలు లోపలి పక్క కణాలకంటే పొడవుగా ఉండటం వల్ల పోగు వంగుతుందని, మెరీనో గొర్రెల ఉన్నిపై 2018లో వెలువడిన పరిశోధన చూపింది. మనిషి వెంట్రుక విషయంలో రెండూ కలిసి పనిచేస్తాయన్న మాటే ఎక్కువ నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. వంశపారంపర్యం పాత్ర గురించి మాత్రం పెద్దగా వివాదం లేదు. యూరప్ సంతతివారిలో ట్రైకోహయాలిన్ అనే జన్యువుకూ వెంట్రుక రూపానికీ సంబంధం ఉందని 2009లో గుర్తించారు. నెత్తిన ఊరే సహజమైన జిడ్డు తిన్నని వెంట్రుక మీద సులువుగా కిందికి దిగుతుంది, సుళ్ల మీద దిగలేదు. అందుకే కుదుళ్లు జిడ్డోడుతున్నా కొసలు గడ్డిపోచల్లా ఎండి ఉంటాయి.

ఇక నీళ్ల సంగతి. కుందూ, పెన్నా పరీవాహక ప్రాంతంలో చాలా మేర నేల కింద ఉన్నది సున్నపురాయి. భూగర్భ శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి, కోయిలకుంట్ల సున్నపురాయి అని పేర్లు పెట్టినవి ఈ పొరలే. బేతంచర్ల బండలు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు, ఇంటింటా పరిచిన నాపరాళ్లు ఈ రాతి చలవే. వాననీరు నేలలోకి ఇంకుతూ ఈ రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు అలా ఏర్పడినవే. అలా రాతి నుంచి కరిగిన కాల్షియమే బోరు నీళ్లతో బకెట్లోకి వస్తుంది. తాగునీటిలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణం ఐఎస్ 10500 (2012) చెబుతుంది. నది నీళ్లు సాధారణంగా బోరు నీళ్లంత కఠినంగా ఉండవు. తుంగభద్ర నీళ్లు అందే కర్నూలు నగరంలోనూ, సుంకేసుల నుంచి సాగే కర్నూలు–కడప కాలువ నీళ్లు అందే ఊళ్లలోనూ తలకు పోసుకోవడం బోరు మీదే ఆధారపడిన ఊళ్లకంటే తేలిక.

కఠిన జలంలో సబ్బు నురగ రాదు. కాల్షియంతో కలిసి తెల్లటి మడ్డిగా మారి వెంట్రుకలకు అంటుకుంటుంది. తిన్నని జుట్టుకైతే ఆ మడ్డి దువ్వెనతో కొంత పోతుంది. ఉంగరాల జుట్టును రోజూ దువ్వరు, దువ్వకూడదు కూడా. మడ్డి సుళ్లలోనే నిలిచిపోయి, జుట్టు బిరుసెక్కి, రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. ఆరోగ్యం బాగాలేక జుట్టు ఇలా అయిందేమోనని కంగారుపడే తల్లిదండ్రులు ముందు నీళ్లకాగు అడుగు చూడాలి. అక్కడ తెల్లగా పేరుకున్న సున్నమే జుట్టు మీదా ఉంది.

ఈ ప్రాంతపు పాత అలవాట్లలో కొన్ని దీనికి సరైన విరుగుడే. కుంకుడుకాయల్లో నురగనిచ్చే సపోనిన్లు సబ్బులా సున్నంతో కలిసి మడ్డి కట్టవు. నల్లమల చెంచులు సేకరించే అటవీ ఉత్పత్తుల్లో కుంకుళ్లు కూడా ఉన్నాయి. అయితే కుంకుడు ఉన్న జిడ్డునంతా లాగేస్తుంది. ఉంగరాల జుట్టుకు రసం పలుచన చేసి, కుదుళ్లకు మాత్రమే పట్టించడం మంచిది. సీకాయ కాస్త మెత్తన. నానబెట్టి రుబ్బిన మెంతులు, మందారాకు జిగురు, పలుచటి గంజి కలిపితే వెంట్రుకల మధ్య జారుడు వచ్చి చిక్కు సులువుగా విడుతుంది. నీళ్లను బాగా మరగకాచి, చల్లార్చి, పైన తేరిన నీరు వంపుకుంటే కాఠిన్యంలో ఒక భాగం అడుగున దిగిపోతుంది. గోరువెచ్చగా కాస్తే ఈ ఫలితం రాదు. చివర ఒక చెంబు వాననీళ్లతోనో, నీటిశుద్ధి ప్లాంటు నుంచి తెచ్చుకునే క్యాను నీళ్లతోనో జాడిస్తే తేడా చేతికే తెలుస్తుంది. నిమ్మరసం చాలా పలుచగా కలిపిన నీళ్లు కూడా సున్నాన్ని కొంత వదిలిస్తాయి. చిక్కగా వాడితే నెత్తి మండుతుంది.

రూపాయికే దొరికిన షాంపూ ప్యాకెట్ ఈ పద్ధతుల్ని చాలా ఇళ్లలో పక్కకు నెట్టింది. 1983లో తమిళనాట మొదలైన చిక్ షాంపూ ఆ మార్పులో ముందు నిలిచిన సరుకు.

నూనెల్లో ఆముదం ఈ సీమ పంట. ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి, వేరుశనగతో పాటు ఆముదాలూ వస్తాయి. ఆముదంలో దాదాపు తొంభై శాతం రిసినోలియిక్ ఆమ్లమే, అందుకే అంత జిగట. అది జుట్టును పెంచుతుందన్న నమ్మకం బలమైనదే గానీ, దానికి ఆధారం పలుచన. కొసలకు తడి నిలపడంలో మాత్రం ఉపయోగం ఉంది. ఒట్టి ఆముదం కాకుండా కొబ్బరినూనెలో కొద్దిగా కలిపి రాయాలి. ఎక్కువైతే ప్రమాదమే. ఆముదం, కొబ్బరినూనె కలిపి రాసుకుని తలస్నానం చేసిన ఒక యువతి జుట్టు విడదీయరాని ఉండగా కట్టుకుపోయిన ఉదంతం 2017లో ఒక భారతీయ వైద్య పత్రికలో వచ్చింది. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ నష్టాన్ని తగ్గిస్తుందని 2003 నాటి భారతీయ పరిశోధన చెప్పింది. అందువల్ల తలస్నానానికి ముందు రాసే నూనెగా దానికే మొదటి స్థానం ఇవ్వవచ్చు.

ఉంగరాలను దాచకుండా తీర్చిదిద్దే ఆధునిక పద్ధతికి లొరేన్ మాసీ 2001లో రాసిన పుస్తకం మూలమంటారు. ఘాటైన సల్ఫేట్ షాంపూలు, కడిగినా పోని సిలికోన్లు మానాలన్నది అందులోని ప్రధాన నియమం. సున్నం నీళ్ల ఊళ్లలో దీన్ని తు.చ. తప్పకుండా పాటిస్తే మడ్డి పేరుకుపోతుంది. నెలకొకసారైనా, సున్నాన్ని పట్టి వదిలించే ఈడీటీఏ వంటి పదార్థం ఉన్న షాంపూతో కడగడం ఇక్కడ అవసరం. గ్లిజరిన్ ఎక్కువున్న క్రీములు వానాకాలంలో పర్లేదు. ఎండ నలభై డిగ్రీలు దాటి గాలిలో తడి బాగా తగ్గిపోయే ఏప్రిల్, మే నెలల్లో అవి జుట్టును ఇంకా పొడిబారుస్తాయని చెబుతారు.

చిక్కు తీయడం జుట్టు తడిగా, జారుడుగా ఉన్నప్పుడే. పెద్దపళ్ల దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. మెత్తటి పాత నూలు పంచెతో నీళ్లు అద్దుకోవాలి, తువ్వాలుతో రుద్దకూడదు. అవిసె గింజలు ఉడికించి వడగట్టిన జిగురును తడి జుట్టుకు పట్టించి, కొసల నుంచి గుప్పిట్లో నొక్కుతూ వదిలితే సుళ్లు వాటంతటవే అమరుతాయి. ఆరాక గట్టిపడిన పొరను చేతులతో మెల్లగా నలిపితే మెత్తబడుతుంది. బండి మీద వెళ్లేవాళ్లు నల్లరేగడి దుమ్ము పడకుండా నూలు గుడ్డ కట్టుకుని, పైన హెల్మెట్ పెట్టుకోవడం మంచిది.

2016 నాటి తెలుగు ‘ప్రేమమ్’ సినిమాలో నటి అనుపమా పరమేశ్వరన్ ఉంగరాల జుట్టుతో కనిపించినా, పెళ్లిళ్ల కాలంలో జుట్టును తిన్నగా చేయించుకునే ఆనవాయితీ పెద్దగా తగ్గలేదు. జుట్టును తిన్నగా చేసే కొన్ని కెరటిన్ చికిత్సల్లో వెలువడే ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. దానికి బదులుగా వచ్చిన గ్లయాక్సిలిక్ ఆమ్లం క్రీములతో మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతం 2024లో నమోదైంది. బడిపిల్లలకు వేసే రెండు జడల విషయంలోనూ జాగ్రత్త కావాలి. సుళ్లు లొంగాలని బిగించి అల్లితే నుదుటి అంచున వెంట్రుకలు పలుచబడతాయి. తడి కాస్త ఉండగానే వదులుగా అల్లి, రబ్బరు బ్యాండుకు బదులు రిబ్బన్‌తో కడితే ఆ లాగుడు తగ్గుతుంది.