హుజూర్ పేరు తలిస్తే విషం దిగేదా?

పాము కరిచిందంటే పాత హైదరాబాద్ రియాసత్‌లో చాలామందికి మొదట గుర్తొచ్చేది హకీమ్ కాదు, మహబూబ్ అలీ పాషా. ఆరో నిజాం పేరు తలిస్తే విషం దిగిపోతుందని హిందువులూ ముసల్మానులూ ఒకేలా యఖీన్ పెట్టుకున్నారు. పాము కరిచినవాళ్లు ఎవరొచ్చినా, అర్ధరాత్రయినా సరే, నిద్ర లేపమని హుజూర్ నౌకర్లకు హుకుం ఇచ్చారట. 1911లో ఆయన ఇంతెఖాల్ అయ్యారు, ఖిస్సా మాత్రం మిగిలింది.

ఇదేదో జహాలత్ కాలం అనుకోకండి. మత్తుమందుతో ప్రాణాలెందుకు పోతున్నాయో తేల్చడానికి 1888లో, మళ్లీ 1889లో ఇదే హైదరాబాద్‌లో క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టర్ వచ్చాడు. ఖర్చు నిజాం సర్కారుదే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జాడ పట్టుకున్నది సికింద్రాబాద్‌లోనే. అంటే కరామత్ కోసం జనం తలచిన పాదుషా, సైన్సుకు ఖజానా తెరిచిన పాదుషా ఒక్కరే.

మరి జనం కరామత్ వైపే ఎందుకు చూశారు? అఖల్ లేక కాదు. పాము విషానికి విరుగుడు సీరం ఫ్రాన్స్‌లో తయారైందే 1890లలో. అది మన పల్లెకు ఎప్పుడు చేరాలి? ఎడ్లబండి మీద పట్నం చేరేలోపు తెల్లారేది. పాషా పేరుకైతే బండి అక్కర్లేదు, పైసా అక్కర్లేదు. పైగా మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ వాటికి విషమే ఉండదు. ఉన్నవి కూడా ఒక్కోసారి విషం దింపకుండానే కాటేస్తాయి. అలా బతికినవాడు ఊరూరా చెప్పుకున్నాడు. చనిపోయినవాడి మాట ఎవరు చెబుతారు?

తేలు కుట్టిన ఒక తెగ సర్దారుకు సహాబీ ఫాతిహా చదివి దమ్ చేస్తే షిఫా కలిగిన సంగతి హదీసుల్లో ఉంది. దాన్ని నేను మనసారా మానతాను. కానీ అక్కడ అడిగింది అల్లాహ్‌ను. ఒక బందా పేరులో షిఫా వెతకడం వేరే సంగతి. మన ఉలమా ఈ ఫరఖ్ ఎప్పుడూ చెబుతూనే ఉన్నారు.

2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాట్లతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. ఏడాదికి సుమారు 58,000. ఎక్కువ మంది పల్లెవాళ్లే, ఎక్కువగా వానాకాలంలోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ లెక్కలో ముందు వరసలోనే ఉంది. ఇప్పుడు సర్కారీ దవాఖానాల్లో విరుగుడు సూది దొరుకుతోంది. అయినా మొదటి గంట ఆమిల్ దగ్గరో, మంత్రగాడి దగ్గరో గడిచిపోతోంది. ఆమిల్ తల మీద చెయ్యి పెట్టి, ఏం కాదు బేటా అంటాడు. దవాఖానాలో ముందు ఆధార్ కార్డు అడుగుతారు. భయంతో వణికే మనిషి ఎటు పోతాడో మనకు తెలుసు. దమ్ చేయించాలంటే 108 బండిలో పక్కన కూర్చుని కూడా చేయొచ్చు. కాలు కదలకుండా చూస్తే చాలు.