మంచులో మరిగిన ఇంజిన్: లాలాగూడ నుంచి హోటన్ దాకా

ఈసారి చరిత్ర ఒక ఫోన్ కాల్‌తో మొదలవుతుంది.

మా అక్క కొడుకు ఉస్మానియా క్యాంపస్‌లో ఇంజినీరింగ్ చదివి, పై చదువుకి అమెరికా వెళ్ళాడు. మిషిగన్ రాష్ట్రంలో హోటన్ అనే చిన్న ఊరు, అక్కడ మిషిగన్ టెక్ యూనివర్సిటీ ఉంది. చలికాలం వస్తే ఆ ఊరు మంచులో కూరుకుపోతుంది. స్నోమొబైల్ అని మీరు వీడియోల్లో చూసే ఉంటారు: ముందు రెండు స్కీలు, కింద రబ్బరు పట్టా, పైన స్కూటర్ సీటు. వీడు ఒక పాత బండి చవగ్గా కొన్నాడు. నీళ్ళతో చల్లబడే రకం, అంటే లిక్విడ్ కూల్డ్. ఒకరోజు తెల్లవారుజామున ఫోను. "మామా, ఇక్కడ మైనస్ 15 ఉంది. ఇంజిన్ మాత్రం మరుగుతోంది. ఎర్ర లైటు ఆరట్లేదు."

తార్నాకలో ఫ్యాన్ కింద పడుకున్న నాకు నవ్వొచ్చింది. కానీ అడవి దారిలో పిస్టన్ పట్టేస్తే ఆ చలిలో కాలినడకన రావాలి, అది నవ్వే సంగతి కాదు. గొప్పగా "థర్మోస్టాట్ పోయి ఉంటుంది, మార్చెయ్" అన్నాను. తప్పు చెప్పాను. నిజానికి నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది మన తార్నాకలోనే నేర్చుకున్నాను, మర్చిపోయాను.

ఆ ప్రశ్న దగ్గరికి వెళ్ళేముందు కొంచెం వెనక్కి పోదాం. ఇంజిన్‌లో పెట్రోలు మండితే వచ్చే వేడిలో చక్రం తిప్పడానికి పనికొచ్చేది కొంతే. మిగతాది బయటికి పోవాలి. కార్ల్ బెంజ్ 1886 బండిలో నీళ్ళు ఆవిరైపోతూ వేడిని తీసుకుపోయేవి. అందుకే 1888లో ఆయన భార్య బెర్తా అలాంటి బండిలోనే మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి, సుమారు 100 కిలోమీటర్లు వెళ్ళినప్పుడు దారి పొడుగునా నీళ్ళు పోసుకుంటూ పోవాల్సి వచ్చింది. తర్వాత 1900లో మేబాక్ తేనెపట్టులాంటి రేడియేటర్ చేశాడు. ఫోర్డ్ మోడల్ టీ బళ్ళలో అయితే చాలావాటికి నీళ్ళ పంపు కూడా లేదు. వేడి నీళ్ళు పైకి, చల్లారిన నీళ్ళు కిందికి, వాటంతట అవే తిరిగేవి.

ఇక మన ఊరు. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే వాళ్ళు రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టారు. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. బస్సులు ఆల్బియన్ కంపెనీవి, స్కాట్లాండ్‌లో గ్లాస్గో దగ్గర తయారైనవి. నేటి ఆర్టీసీకి మూలం అదే. ఒక్కసారి ఊహించండి, గ్లాస్గో చలికి అలవాటైన బండి, హైదరాబాద్ మే నెల.

ఇక్కడ ఒక చిన్న లెక్క. మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే ఉంది కాబట్టి నీళ్ళు 100 కాదు, సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి. ఆ కాలంలో చాలా బళ్ళకి ఇప్పటిలా ఒత్తిడి పట్టి ఉంచే రేడియేటర్ మూత ఉండేది కాదు. ఇప్పటి మూత బిగువుగా ఉంటే లోపలి నీళ్ళు 120 దాకా మరగకుండా ఆగుతాయి. అందుకే ఈ రోజు మూత రబ్బరు పాడైతే చాలు, మిగతాదంతా బాగున్నా బండి పొంగిపోతుంది. పది రూపాయల రబ్బరుని వదిలేసి ఇంజిన్ మొత్తం విప్పేవాళ్ళని నేను చూశాను.

బస్సులు నడిపింది రైలు వాళ్ళన్నాను కదా, అది చిన్న విషయం కాదు. తార్నాక పక్కనే లాలాగూడలో 1893 నుంచీ రైల్వే కార్ఖానా ఉంది. స్టీమ్ ఇంజిన్లతో బతికిన మనుషులకి నీళ్ళలోని సున్నం పాత శత్రువు. బాయిలర్‌లో అది పొరకడితే వేడి నీళ్ళకి చేరదు, ఇనుమే కాలిపోతుంది. బస్సు ఇంజిన్‌లోనూ అదే జబ్బు. బోరు నీళ్ళు పోసుకుంటూ పోతే రేడియేటర్ సన్నని గొట్టాలు కొన్నాళ్ళకి మూసుకుపోతాయి. బయటికేమో నిగనిగలాడుతూనే ఉంటుంది. బండి మరిగితే ముందు డ్రైవర్‌నే తిట్టేవాళ్ళు, నీళ్ళు చూసుకోలేదని. నీళ్ళు నిండుగానే ఉన్నాయి, తిరగడానికే దారి లేదు. ఆ డ్రైవర్ల పక్షాన ఈ మాట చెప్పాలనే ఈ ఎపిసోడ్ చేస్తున్నాను, నిజానికి.

నా చిన్నతనంలో తార్నాక చౌరస్తాకి కొంచెం ఇవతల ఒక షెడ్డు ఉండేది. అక్కడి ముసలి మిస్త్రీ ఏ బండి వచ్చినా పానా పట్టుకోడు. ముందు అడుగుతాడు: "నిలబడితే మరుగుతోందా, నడిస్తే మరుగుతోందా?" సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడే మరిగితే గాలి లేదన్నమాట. ఫ్యాను, బెల్టు చూస్తాడు. స్పీడులో మరిగితే గాలి ఉంది, నీళ్ళు తిరగట్లేదు. రేడియేటర్, పంపు, హోసు చూస్తాడు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయగానే నీళ్ళలో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్. థర్మోస్టాట్ అనుమానమొస్తే చాయ్ గిన్నెలో వేసి మరిగించి, తెరుచుకుంటుందో లేదో కళ్ళతో చూసేవాడు. మూత మాత్రం ఇంజిన్ చల్లారాకే, తడి గోనె వేసి తిప్పేవాడు. తొందరపడి మొహం కాల్చుకున్నవాళ్ళు మన చుట్టూ ఉన్నారు.

ఇప్పుడు స్నోమొబైల్. కెనడాలో బొంబార్డియర్ 1959లో స్కీ-డూ అమ్మకానికి తెచ్చినప్పుడు దాని ఇంజిన్ గాలితో చల్లబడేది. 1970లలో రేసుల కోసం, తర్వాత మామూలు బళ్ళకి కూడా లిక్విడ్ కూలింగ్ వచ్చింది. కానీ చాలావాటికి ముందు రేడియేటర్ ఉండదు. పట్టా తిరిగే సొరంగం కప్పుకి లోపలివైపు అల్యూమినియం గొట్టాలుంటాయి. పట్టా చిమ్మే మంచు వాటికి తగిలి, కరిగి, వేడిని లాక్కుపోతుంది. అంటే ఆ బండికి చల్లగాలి ఒక్కటే చాలదు. మెత్తటి మంచు కావాలి.

వాడు థర్మోస్టాట్ మార్చి మళ్ళీ ఫోన్ చేశాడు. లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది మిస్త్రీ ప్రశ్న. "ఒరేయ్, ఎక్కడ నడిపినప్పుడు మరుగుతోంది?" "సరస్సు మీద మామా. గట్టి ఐసు. మంచంతా గాలికి కొట్టుకుపోయింది." అదీ సంగతి. గాజులాంటి ఐసు మీద పట్టా తిరుగుతోంది, పైకి చిమ్మడానికి ఏమీ లేదు. అలాంటి చోట ఐసుని గీకి పొడి లేపడానికి స్ప్రింగు కడ్డీలు అమ్ముతారు. అవి బిగించాడు.

అయినా పూర్తిగా తగ్గలేదు. అది నా పుణ్యమే. థర్మోస్టాట్ మార్చినప్పుడు కూలెంట్ దింపాడు కదా, తిరిగి పోసేటప్పుడు లోపల గాలి చిక్కుకుంది. ముందు గొట్టం కాలుతోంది, వెనక గొట్టం చల్లగా ఉంది. అంటే నీళ్ళు అక్కడిదాకా పోవట్లేదు. బండి ముక్కు పైకెత్తించి, పైనున్న బ్లీడ్ స్క్రూ వదులు చేయించి, బుడగలు ఆగి ధార సాఫీగా వచ్చేదాకా ఫోన్‌లో కూర్చున్నాను. ఇక్కడ పాలవాడు వచ్చి వెళ్ళిపోయాడు.

నిన్న మళ్ళీ ఫోన్. లైటు వెలగట్లేదట. బండే స్టార్ట్ అవ్వట్లేదట. కార్బురేటర్ గొడవలా ఉంది, అది వేరే ఎపిసోడ్. ఉంటానండీ.