వెదురునుండి కర్బనపు నారకు: గాలపుబెత్తపు చరిత్ర

గాలము వేయువాని చేతికిని, నీటిలోని చేపకును నడుమ నుండునవి రెండు: దారము, బెత్తము. దారము తెగినచో మరియొకటి కట్టుకొనవచ్చును. బెత్తము సరిపడనిదైనచో ఎంత నేర్పరియు చేయగలిగినది స్వల్పము. పిడి, రీలు, దారము జారు వలయములు అమర్చకముందు బెత్తము వట్టి కడ్డీగా నుండును. దీనికి బ్లాంకు అని పేరు. ఈ కడ్డీని దేనితో చేయవలె నను ప్రశ్నకు నూటయేబది యేండ్లకు మించిన చరిత్ర కలదు.

ఉత్తర అమెరికా మంచినీటి చేపలలో బాస్ మిక్కిలి ప్రసిద్ధము. 1881లో జేమ్స్ హెన్షల్ అను వైద్యుడు ఈ చేపను గూర్చి ఒక గ్రంథము వెలువరించి, దీనికి తేలికయైన బెత్తమే తగినదని వాదించెను. ఆనాటి మేలిరకపు బెత్తములు వెదురు చీలికలతో చేసినవి. 1840ల ప్రాంతమున పెన్సిల్వేనియాలోని ఈస్టన్ పట్టణమందు తుపాకులు చేయు శామ్యూల్ ఫిలిప్ వెదురు చీలికలను జిగురుతో అతికి బెత్తములను తయారుచేసెను. పిమ్మట మెయిన్ రాష్ట్రమున హైరమ్ లెనార్డ్ త్రికోణాకారపు చీలికలు ఆరింటిని కూర్చు పద్ధతిని వ్యాప్తికి తెచ్చి, చీలికలను కోయుటకు యంత్రమును నిర్మించెను. వెదురు బలమంతయు పై పొరలోని నారలయందున్నది. అందుచే ఆ పొర వెలుపలికి ఉండునట్లు చీలికలను కూర్చెడివారు.

తొలినాళ్ళలో ఇందుకు వాడిన వెదురు మన దేశమునుండి పోయినదే. దానిని 'కలకత్తా వెదురు' అనిరి. ఇరువదవ శతాబ్దమున దక్షిణ చైనా వెదురు దాని స్థానము నాక్రమించెను. టాంకిన్‌లో పుట్టకున్నను దానికి 'టాంకిన్ వెదురు' అను పేరు స్థిరపడినది. 1950లో, కొరియా యుద్ధకాలమున, అమెరికా చైనాతో వర్తకమును నిషేధించెను. నిల్వ యున్నవారు తప్ప తక్కిన పనివారికి ముడిసరకు కరవయ్యెను.

అప్పటికే గాజునార అంగడి కెక్కియుండెను. 1940లలో ఆర్థర్ హోవాల్డ్ రూపొందించిన పద్ధతితో షేక్‌స్పియర్ కంపెనీ గాజునార బెత్తములను విక్రయింప నారంభించెను. అవి చౌక, తడికి చెడవు, సులభముగా విరుగవు. కాని అవి బరువైనవి. విసరిన పిదప కొన ఊగి ఊగి నిలుచును. చేప మెల్లగా ఎరను తాకిన జాడ ఆ ఊగులాటలో కలిసిపోవును.

1960లలో జపానున అకియో షిండో, ఇంగ్లండున ఫార్న్‌బరో విమాన పరిశోధనాలయమువారు బలమైన కర్బనపు నారను సాధించిరి. విమానములకై పుట్టిన ఆ నార 1970లలో గాలపుబెత్తములలోనికి వచ్చెను. కొనవైపు సన్నగిల్లు ఉక్కుకమ్మికి రెసిన్ పట్టించిన నారబట్టను చుట్టి, కొలిమిలో కాల్చి, కమ్మిని వెలుపలికి లాగివేయుదురు. మిగిలిన బోలుగొట్టమే కడ్డీ. నార ఎంత బిరుసైనదైన అంత తక్కువ నార చాలును. కడ్డీ అంత తేలికగును. కాని గోడ పలుచనైనకొలది చిన్నదెబ్బకే చిట్లు భయము హెచ్చును.

1972లో బాస్ పోటీల నిర్వాహకుడు రే స్కాట్, పట్టిన చేపను ప్రాణముతో మరల నీట విడువవలెనని ప్రచార మారంభించెను. గాలము రుచి చూచిన చేప జాగరూకత నేర్చును. తేటనీటి జలాశయములలో అట్టి చేపలను పట్టుటకు సన్నని దారము, రెండు గ్రాములు మొదలు ఏడు గ్రాముల వరకు తూగు చిన్న ఎరలు వాడు నాజూకు పద్ధతి ప్రబలినది. ఇందుకు సాధారణముగా ఆరున్నర నుండి ఏడడుగుల కడ్డీని ఎన్నుకొందురు. చిన్న ఎరను విసరుటకును, దారము తెగకుండుటకును కొన మెత్తగా వంగవలెను. మధ్యభాగమునుండి మొదలువరకు బిగువుండవలెను.

ఈ బిగువును ఉపేక్షింపరాదు. కడ్డీ మరీ బలహీనమైనచో చేపను ఒడ్డునకు తెచ్చుటకు చాలసేపు పట్టును. అంతసేపు పెనుగులాడి అలసిన చేప, వేసవి వెచ్చనీటిలో మరల విడిచినను బ్రతుకకపోవచ్చును. చేపను బ్రతికించుటకే విడుచుచున్నామనుకొనువాడు, తన బెత్తపు నాజూకుతనముచేతనే దానిని చంపినవాడగును.

కావున కడ్డీని కొనునపుడు తేలికదనమొక్కటే చూచుట చాలదు. మొదలును గట్టిగా బిగించి, కొనకు చిన్న గుండును వ్రేలాడదీసి, వంపు ఎచ్చట మొదలై ఎచ్చట ఆగునో గమనింపవలెను. పిదప బరువు పెంచి, మొదలు ఎంతవరకు తట్టుకొనునో చూడవలెను. కొన వంగుట, మొదలు నిలుచుట అను ఈ రెండు గుణములను కోరియే నాటి పనివారు వెదురును చీల్చి అతికిరి. నేటి కర్బనపు నారనుండి మనము కోరదగినవియు అవియే.