సీసపు గుండు – లోహకారుని వివేకము

లోహములలో సీసము హీనమైనదని లోకమున వాడుక. రసరత్నసముచ్చయకర్త బంగారము, వెండి, రాగి, ఇనుములను శుద్ధలోహములుగను, నాగవంగములను, అనగా సీసమును తగరమును, పూతిలోహములుగను విభజించెను. పూతి యనగా దుర్గంధము. ఇట్లు చిన్నచూపు చూడబడిన లోహమే తుపాకిగుండై అనేక రాజ్యముల తలవ్రాతలను మార్చినది. కుంపటి, మూస, అచ్చు ఎరిగిన మన కులమువారికి ఈ విషయము రుచించునని తలంచి, మూతిలోనుండి మందు దట్టించెడి తుపాకులకు ఎట్టి సీసము తగునను వివేచనము చరిత్రలో నెట్లు పెరిగెనో సంగ్రహముగ విన్నవించెదము.

మన దేశమున సీసము క్రొత్తది కాదు. శాతవాహన ప్రభువులు సీసముతో నాణెములు చేయించిరి. తెలంగాణమందలి కొండాపురపు త్రవ్వకములలో అట్టివి దొరకినవి. శుక్రనీతియందు చిన్న నాళికాయుధమునకు సీసపు గుండ్లు తగునని చెప్పబడియున్నది. ఆ మాటను బట్టి మన ప్రాచీనులకు తుపాకులు కలవని వాదించినవారు కలరు. కాని ఆ భాగము తుపాకులు మన దేశమునకు వచ్చిన పిమ్మట చేరినదని చరిత్రజ్ఞులు పెక్కురు తలంతురు. మేమును ఆ పక్షమునే అంగీకరింతుము. ప్రాచీనత లేకున్నను ఆ వాక్యము విలువలేనిది కాదు. పెద్ద గొట్టమునకు ఇనుము, చిన్న గొట్టమునకు సీసము అను పనివారి తారతమ్యజ్ఞానము సంస్కృతగ్రంథమున కెక్కినదని అది చాటుచున్నది.

చిన్న తుపాకికి సీసమే యేల? కారణములు మూడు. మొదటిది బరువు: సీసము నీటికంటె 11 రెట్లకు పైగా బరువైనది, ఇనుము 8 రెట్లకు లోబడియే యున్నది. రెండవది సులభముగ కరగుట: 327 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి చాలును గనుక వంటపొయ్యియే కొలిమి కాగలదు. అమెరికా స్వాతంత్ర్యసమరమున దీనికి మంచి నిదర్శనము కలదు. 1776 జూలై 9వ తేదీన న్యూయార్కు ప్రజలు మూడవ జార్జి రాజుయొక్క సీసవిగ్రహమును పడద్రోసిరి. దాని ముక్కలను కనెక్టికట్ సీమయందలి లిచ్‌ఫీల్డు గ్రామమునకు చేర్చగా అచటి స్త్రీలును పిల్లలును కరగించి 42,088 గుండ్లు పోసిరి. రాజు ప్రతిమయే రాజసైన్యముపైకి గుండ్లై మరలెను.

మూడవ కారణము మెత్తదనము. అసలు మర్మము దీనియందే యున్నది. 18వ శతాబ్దపు ఆంగ్లసైనికుని తుపాకిగొట్టము నున్ననిది. దాని లోవ్యాసము ముక్కాలంగుళము, గుండు వ్యాసము సుమారు 0.69 అంగుళము. గుండు వదులుగ దిగును, వదులుగనే వెడలును, గురి అంతంతమాత్రము. అట్టి గుండునకు సీసము శుద్ధమైనను మిశ్రమమైనను పెద్ద భేదము లేదు. గొట్టములోపల మెలిదిరిగిన గాడులు తీసినచో గుండు బొంగరమువలె తిరుగుచు సూటిగ పోవును. కాని ఆ గాడులను పట్టవలెనన్న గుండు బిగువుగ నుండవలెను. మూతినుండి దిగవలెనన్న వదులుగ నుండవలెను. వేటగాండ్రు జిడ్డుగుడ్డలో గుండును చుట్టి దట్టించి ఈ చిక్కును కొంత తీర్చుకొనిరి. యుద్ధమున సైనికునకు అంత తీరిక యెక్కడిది?

1849లో ఫ్రాన్సు దేశీయుడగు మినియే ఈ చిక్కును విప్పెను. అతని గుండు అడుగున బోలుగ నుండును. దిగునప్పుడు అది సన్ననిది. మందు అంటుకొనగనే ఆ యొత్తిడికి అడుగంచు విచ్చుకొని గాడులను గట్టిగ పట్టును. ఈ యుపాయమునకు ఆంగ్లప్రభుత్వము అతనికి 20,000 పౌనుల నొసగెను. ఈ మార్గమున 1853లో వెలసిన ఎన్‌ఫీల్డు తుపాకి లోవ్యాసము 0.577 అంగుళము, మొదటి గుండు వ్యాసము 0.568 అంగుళము, ఎడము అంగుళములో నూరవపాలునకు లోబడియే!

ఈ యుపాయమంతయు సీసపు శుద్ధిపై ఆధారపడియున్నది. తగరము కొంచెము చేర్చిన కరగిన సీసము అచ్చులోని మూలమూలలకు చక్కగ పారును, కాని గట్టిపడును. ఆంటిమొని చేర్చిన మరింత గట్టిపడును. ముద్రణాలయములలో లైనోటైపు యంత్రమునకు నూటికి 84 పాళ్లు సీసము, 12 పాళ్లు ఆంటిమొని, 4 పాళ్లు తగరము కలిపెడివారు. అక్షరము నలుగకుండుటకు ఆ కాఠిన్యమే ప్రాణము. ఆ లోహముతోనే మినియే గుండు పోసినచో అడుగంచు విచ్చుకొనదు, గాడులను పట్టదు. శుద్ధసీసము చల్లారునప్పుడు ఎక్కువగ కుదించుకొనును. కఠినమిశ్రమము తక్కువగ కుదించుకొనును. కావున ఒకే అచ్చున పోసినను మిశ్రమపు గుండు ఇంచుక లావై తుపాకిమూతియందే చిక్కుకొనవచ్చును.

మన దేశచరిత్రకును దీనికిని సంబంధము కలదు. గుండునకును గొట్టమునకును ఎడము తగ్గినకొలది లోపల మసి పేరుకొని గుండు దిగుట కష్టమగును. అందులకే ఎన్‌ఫీల్డు తూటాకాగితమునకు జిడ్డు పూయవలసి వచ్చెను. ఆ జిడ్డు ఆవుక్రొవ్వు, పందిక్రొవ్వు అను శంకయే 1857లో సిపాయిల మనస్సులను కలచినది. మే 10వ తేదీన మీరటులో తిరుగుబాటు చెలరేగెను. ఆ మహోపద్రవమునకు కారణములు పెక్కు. వానిలో నొకదానికి మూలము గుండు బిగువును గూర్చిన ఈ లోహకారసమస్య యని పలువురు గమనింపరు.

కాఠిన్యము ఎల్లప్పుడు దోషమని తలంపరాదు. 1782లో బ్రిస్టలు నగరవాసి విలియము వాట్సు, కరగిన సీసమును ఎత్తునుండి నీటిలోనికి జారవిడిచి చిన్న రవ్వగుండ్లు చేయుటకు రాజశాసనముచే హక్కు పొందెను. చుక్క గుండ్రమగుటకు అందు పాషాణము కొంచెము కలిపెడివారు. 1871లో వచ్చిన మార్టినీ హెన్రీ తుపాకిలో తూటాను వెనుకవైపునుండి పెట్టుదురు. గుండు మూతినుండి దిగవలసిన పని తప్పినందున, 12 పాళ్ల సీసమునకు 1 పాలు తగరము కలిపి గుండును గట్టిపరచిరి. త్రోవ మారగనే లోహమును మారినది.

లోహపరీక్షకు పనివారు గోటినే సాధనముగ చేసికొనిరి. శుద్ధసీసముపై గోరు గీత పడును. నేలపై వేసిన మందముగ మ్రోగును. మిశ్రమముపై గీత సులభముగ పడదు, ఖణీలుమని మ్రోగును. సీసపుపొగయు ధూళియు విషమని, కరగిన సీసమున నీటిచుక్క పడిన చిందిపడి కాల్చునని మరువరాదు.

లోహమునకు స్వతః ఉచ్చనీచములు లేవు. పనినిబట్టియే గుణము, పనినిబట్టియే దోషము. మినియే పేరు గ్రంథములలో నిలిచినది. అతని గుండ్లను అచ్చున పోసి మంచిచెడ్డలు తేల్చిన పనివారి పేర్లు నిలువలేదు. మన యిండ్లలోని వృద్ధుల పాళ్లు, పరీక్షలు, పోతమర్మములు వారితోనే అంతరింపనీయక, పిన్నలు అడిగి తెలిసికొని వ్రాసియుంచుట కర్తవ్యమని మా మనవి.