కస్టమ్ రోబో

కస్టమ్ రోబో అనేది జపాన్‌కు చెందిన నాయిస్ సంస్థ రూపొందించి, నింటెండో సంస్థ ప్రచురించిన వీడియో ఆటల వరుస. ఇందులో మొదటి ఆట నింటెండో 64 యంత్రం కొరకు 1999 డిసెంబరు 8న జపాన్‌లో విడుదలైనది. పాత్రను ఎంచుకొని తలపడే మామూలు పోరాట ఆటలకు భిన్నంగా, ఇందులో ఆటగాడు తన రోబోను తానే భాగాలతో కూర్చుకొని బరిలోకి దించుతాడు.

ఆట విధానం

కథ ప్రకారం రోబోలు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తుగల బొమ్మలు. వాటిని నడిపేవారు తమ మనస్సును రోబోలోనికి ప్రవేశపెట్టి పోరాడతారు. పోరు మొదట్లో రోబో ఒక ఘనం రూపంలో ఫిరంగి నుండి బరిలోకి విసరబడుతుంది. పాచిక వలె ఆ ఘనం ఏ ముఖంతో ఆగినదన్న దానిని బట్టి రోబో సిద్ధమగుటకు పట్టే సమయం మారుతుంది. కావున ఆరంభంలో కొంత అదృష్టం కూడా కలిసిరావాలి.

ప్రతి రోబోకు దేహం, తుపాకీ, బాంబు, పాడ్, కాళ్ళు అను ఐదు భాగాలుంటాయి. ఆటకు ప్రాణం ఈ ఎంపికలోనే ఉన్నది. నేరుగా పోయే తూటాను బరిలోని గోడలు అడ్డుకొంటాయి. బాంబు గోడ మీదుగా పోయి పడుతుంది. పాడ్ తనంతట తాను కదులుతూ శత్రువును దాగిన చోటు నుండి బయటకు తరుముతుంది. కాళ్ళను మార్చినచో వేగం, గెంతు మారతాయి. ఎన్ని తూటాలు తగిలినా లేవగల బరువైన దేహం పరుగులో వెనుకబడుతుంది. అందుచేత అన్ని బరులలోనూ గెలిచే కూర్పు అంటూ సులభంగా దొరకదు. రే అను రోబో అన్ని గుణాలూ సమంగా కలది; కొత్తవారికి అనువైనది.

చరిత్ర

మొదటి ఆట వచ్చేసరికి నింటెండో 64 విడుదలై మూడేళ్ళు దాటినది. 2000లో వచ్చిన వీ2లో నలుగురు ఇద్దరిద్దరుగా తలపడే వీలు కల్పించబడినది. ఈ రెండూ ఆ యంత్రంపై అమెరికా, ఐరోపాలలో విడుదల కాలేదు. 2002 నాటి జీఎక్స్ (గేమ్ బాయ్ అడ్వాన్స్) కూడా జపాన్‌కే పరిమితమైనది. అమెరికావారికి ఈ వరుస తొలిసారిగా అందినది 2004లో, గేమ్‌క్యూబ్ ఆటతో. దానికి మిశ్రమ స్పందన లభించినది. 2006లో జపాన్‌లో, 2007లో ఇతర దేశాలలో వచ్చిన కస్టమ్ రోబో అరీనా (నింటెండో డీఎస్) అంతర్జాలం ద్వారా పోటీపడే సదుపాయం కలిగియుండెను. ఆ సేవను నింటెండో 2014 మేలో నిలిపివేసినది.

అరీనా తరువాత ఈ పేరుతో కొత్త ఆట రాలేదు. అయితే ఈ వరుస సృష్టికర్త కోజి కెంజో 2020లో ఇదే పద్ధతిలో సినాప్టిక్ డ్రైవ్ అను ఆటను తెచ్చాడు.