నోరెత్తితే ఒట్టు!

1857 సెప్టెంబర్ 1. ఇంగ్లండ్ నైరుతి కొసన టేమర్ నది రెండు గట్లూ జనంతో కిక్కిరిసిపోయాయి. అయినా ఒక్కడూ నోరెత్తడం లేదు. చప్పుడు చేయొద్దని ఇంజనీరు ఇసాంబార్డ్ కింగ్డమ్ బ్రూనెల్ ముందే కట్టడి చేశాడు. వెయ్యి టన్నుల పైచిలుకు ఇనుప దూలం పంట్ల మీద తేలుతోంది. దాని నడుమ ఎత్తైన మంచె మీద బ్రూనెల్. అక్కడ జెండా లేస్తే ఇక్కడ తాళ్లు బిగుస్తున్నాయి, వదులవుతున్నాయి. దూలం కొసలు రెండూ స్తంభాల దగ్గర కుదురుకున్నాక గానీ జనం కేకలు పెట్టలేదు, బ్యాండు మోగలేదు.

ఈ తిప్పలకు మూలం నౌకాదళం. డెవన్, కార్న్‌వాల్ సీమల నడుమ సాల్టాష్ దగ్గర రైలు నది దాటాలంటే ఓడల కోసం వంతెన కింద 100 అడుగుల ఎత్తు వదలాల్సిందేనంది. నది మధ్యలో ఒక్కటే స్తంభం, అటూ ఇటూ 455 అడుగుల దూలాలు అని బ్రూనెల్ తేల్చాడు.

ఆ ఒక్క స్తంభమే ప్రాణం తీసింది. నీరూ బురదా దాటి 80 అడుగులు పోతే గానీ రాయి తగలదు. పెద్ద ఇనుప గొట్టాన్ని నూతి ఒర దించినట్టు దించారు. అడుగున గాలి ఒత్తిడితో నీటిని బయటికి తోసి, కూలీలు ఆ గాలిలోనే రాయి చదును చేశారు. పైకొచ్చాక కొందరికి కాళ్లూ చేతులూ పడిపోయాయి. పనిగంటలు తగ్గించారు.

దూలంలోనే ఉంది అసలు తెలివి. పైన గుడ్డు ఆకారపు గొట్టం విల్లులా వంగి ఉంటుంది, కింద గొలుసులు వేలాడతాయి. విల్లు కొసల్ని బయటికి తన్నితే గొలుసు లోపలికి లాగుతుంది. చెల్లుకు చెల్లు. స్తంభం మోయాల్సింది బరువొక్కటే. ఆ గొలుసుల్లో కొన్ని, డబ్బుల్లేక ఆగిపోయిన బ్రూనెల్ క్లిఫ్టన్ వంతెన సరుకు! గొప్పవాళ్లకీ పాతసామాను అక్కరకొస్తుంది మరి.

తేల్చుకొచ్చిన దూలాన్ని హైడ్రాలిక్ జాకీలతో మూడేసి అడుగులు లేపుతూ, కింద స్తంభం కట్టుకుంటూ పోయారు.

1859 మే 2న వంతెనను విక్టోరియా రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ ప్రారంభించాడు. జబ్బుపడ్డ బ్రూనెల్ రాలేకపోయాడు. తర్వాత ఒకరోజు పైకప్పు లేని వ్యాగన్‌లో సోఫా మీద పడుకోబెట్టి మెల్లగా దాటించారు. అలా పడుకున్నవాడికి పట్టాలు కనిపించవు. తను వంచిన గొట్టాలు మాత్రం తలమీదుగా సాగిపోయి ఉంటాయి. సెప్టెంబర్ 15న, 53 ఏళ్లకే పోయాడు. వంతెన రెండు ముఖాల మీదా పెద్దక్షరాలతో ఆయన పేరు పెట్టారు. ఇప్పటికీ అక్కడ ఒకటే లైను. రైళ్లు నిదానంగానే వెళతాయి.